పెద్దల్లుడి టేపు

కార్ఖానా మేడమీది చిన్న గదిని అందరూ మిషను గది అంటారు. ఆ మాటకొస్తే మిషన్లన్నీ కింద హాల్లోనే ఉన్నాయి: గుడ్డ పరిచే పొడుగాటి బల్లలు, రంగులు కలిపే డ్రమ్ములు, అచ్చు ఆరబెట్టే వేడి పెట్టె. పైన ఉన్నది ఒక కంప్యూటరు, దాని పక్కన ఇటుకరాయంత టేపు డ్రైవు, ఒక కుర్చీ. అంతే. కుర్చీ ఒక్కటే ఉండటం పెద్దల్లుడి ఏర్పాటు. రెండోది వేస్తే రెండోవాడొచ్చి కూర్చుంటాడని అతని భయం.

వాళ్ళది కర్టెన్ గుడ్డల మీద బొమ్మలు అచ్చువేసే కార్ఖానా. నడిపేది మామగారు. బొమ్మలన్నీ అత్తగారు గీసినవి. తీగలు, ఆకులు, చేపలు, గొడుగులు, గూట్లోంచి మెడ సాచే పిట్టలు. ఆవిడ చెయ్యి కాయితం మీద పడిందంటే కిటికీకి కళ వచ్చేదని కొన్నవాళ్ళే చెప్పేవాళ్ళు. ఇప్పుడావిడ చెయ్యి వణుకుతోంది. గ్లాసు పట్టుకుంటేనే నీళ్ళు తొణుకుతాయి, ఇంక కుంచె మాటెందుకు? గీసినవాటినన్నిటినీ ఓపిగ్గా కంప్యూటర్లోకి ఎక్కించింది పెద్దల్లుడే. ఎక్కించాక, అసలు కాయితాలు చెదలు పట్టి గదంతా ముక్కిన వాసన కొడుతుంటే, "ఇంకెందుకండీ అత్తయ్యగారూ ఈ చెత్త? కంప్యూటర్లో ఉన్నాయి, టేపులోనూ ఉన్నాయి. పూచీ నాది" అని తీసి పారేయించింది కూడా అతనే.

పూచీ మాత్రం బాగానే నిలబెట్టుకున్నాడు, అందులో వంక పెట్టడానికి లేదు. రోజూ సాయంత్రం కింద బల్లలు కడిగే వేళకి మేడ ఎక్కేవాడు. చొక్కా చేతులు మడిచి, టేపుని డ్రైవులోకి తోసి, కీబోర్డు మీద ఒకే ఒక్క లైను టకటకా కొట్టేవాడు. డ్రైవు గుర్రుమని తిరిగి, బొమ్మలన్నిటినీ టేపుకెక్కించేది. నిజానికి ఆ లైనుని ఒక ఫైల్లో రాసి పడేస్తే, టైమైనప్పుడు పని దానంతటదే జరిగిపోతుంది. అది లైనక్స్ అనే సాఫ్ట్‌వేరుతో నడిచే కంప్యూటరు, అలాంటి చాకిరీలంటే దానికి మహా సరదా. కాని పని దానంతటదే జరిగిపోతే మధ్యలో తనెందుకు? అందుకని ఫైల్లో రాయలేదు, కాయితం మీదా రాయలేదు. ఎవరన్నా అడిగితే కణత మీద వేలితో కొట్టుకుని "అంతా ఇక్కడుంది" అనేవాడు. కింద పనివాళ్ళు అతనికి టేపులాయన అని పేరు పెట్టారు. వాళ్ళు పెట్టింది వెక్కిరింతకే గాని, అతను దాన్ని బిరుదు కింద జమకట్టుకున్నాడు.

అట్లా సుఖంగా రోజులు గడుస్తుండగా చిన్నమరదలికి పెళ్ళయి, చిన్నల్లుడు వచ్చాడు.

సన్నటి మనిషి, నవ్వు మొహం, చంకలో ల్యాప్‌టాప్. ఏదో పెద్ద కంపెనీలో ఇంజనీరు. అత్తవారింట్లో అడుగుపెట్టిన పూటే ఎన్నాళ్ళ నుంచో మూలుగుతున్న మిక్సీని విప్పి బాగుచేశాడు. అత్తగారి ఫోనులో అక్షరాలు పెద్దవి చేసి పెట్టాడు. "అబ్బాయి బంగారం" అందావిడ. ఇన్నేళ్ళుగా తనని ఇత్తడి అని కూడా అనలేదే అని పెద్దల్లుడికి అప్పుడే తోచింది. మామగారు తనని మొదటినుంచీ "ఏమోయ్", "నువ్వు" అనేవాడు. కొత్తల్లుణ్ణి "మీరు", "బాబుగారూ" అంటున్నాడు. అన్నం దగ్గర ఆ "మీరు" వినబడినప్పుడల్లా పెద్దల్లుడికి ముద్ద గొంతులో అడ్డంపడేది.

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అన్నాడు ఆ రాత్రి భార్యతో.

"మీరెవరికి రోత? ఎవరన్నా అన్నారా?" అందామె. "మా చెల్లెలి మొగుడు ఇంత పనిమంతుడని నేను సంతోషపడుతుంటే, మీ మొహమేంటి అట్లా మాడిపోయింది?"

"నా మొహం ఎప్పుడూ ఇంతే."

"అదీ నిజమే" అని ఆమె అటు తిరిగి పడుకుంది.

ఒకరోజు పొద్దున్నే కంప్యూటరు లేవలేదు. లోపల హార్డ్ డిస్కు గోరుతో రేకుని గీకినట్టు చప్పుడు చేసింది. కాసేపటికి ఆ చప్పుడూ ఆగిపోయింది. అత్తగారి బొమ్మలన్నీ దాంతోపాటు పోయాయి. మామగారు మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం పర్లేదండీ మామయ్యగారూ, టేపుంది" అన్నాడు పెద్దల్లుడు.

అతని జన్మలో అంతకంటే గొప్ప మాట అనే అవకాశం అంతకుముందు రాలేదు. ఈ ఒక్క మాట కోసమే ఇన్నేళ్ళుగా సాయంత్రాలన్నీ ఆ గదికి ధారపోశాడు. మామగారు "హమ్మయ్య" అంటాడని, భుజం తడతాడని చూశాడు.

"ఆఁ, చిన్నబాబుగారికి ఫోను చేశాను. కొత్త డిస్కు పట్టుకుని వస్తున్నారు. ఆయన చూసుకుంటారులే" అన్నాడు మామగారు.

పెద్దల్లుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. పైకి మాత్రం "మంచిదండీ" అన్నాడు.

చిన్నల్లుడు వస్తూ వస్తూ కింద హాల్లోంచి ఒక కుర్చీ మోసుకుని మేడెక్కాడు. మొదటి దెబ్బ అది. కొత్త డిస్కు బిగించి, దానిమీద కొత్త లైనక్స్ ఎక్కించాడు. పని చకచకా సాగింది. చూస్తున్నవాడికి కళ్ళు కుట్టేటంత చకచకా సాగింది.

"బొమ్మలున్న టేపు ఏదండీ అన్నయ్యగారూ?" అని అడిగాడు. తోడల్లుడంటే అన్నే కదా, ఆ గౌరవానికి లోటు చేసే కుర్రాడు కాదు.

పెద్దల్లుడు సొరుగులోంచి తీసి ఇచ్చాడు.

"ఒకటేనా? వేరే నకలు లేదా?"

"ఒకటి చాలదా? రోజూ దానిమీదే ఎక్కిస్తాను. ఇన్నేళ్ళుగా ఒక్క రోజు మానలేదు."

చిన్నల్లుడు టేపుని అటూ ఇటూ తిప్పి చూసి, అంచు దగ్గర గోటితో ఏదో కదిపి, డ్రైవులో పెట్టాడు. దుమ్ము దులుపుతున్నాడు కాబోలు, టేపు మొహం ఎప్పుడన్నా చూశాడో లేదో పాపం, అనుకున్నాడు పెద్దల్లుడు. ఆ అనుకోవడంలో కొంచెం హాయి ఉంది.

డ్రైవు మీద పచ్చదీపం వెలిగింది. కంప్యూటరు దాన్ని గుర్తుపట్టింది. టేపు మొదటికి చుట్టుకుంది. తీరా బొమ్మల్ని బయటికి తీయమని అడిగితే, "మెమరీ చాలదు" అని ఒక్క మాట తెరమీద పడేసి ఊరుకుంది.

చిన్నల్లుడు మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే మాట.

పెద్దల్లుడికి సంగతి అప్పుడే, ఆ మాట చదివిన క్షణానే తెలిసిపోయింది. ఇది చాలామందికి అర్థంకాని కిటుకు గాని, చెబితే ఎవరికైనా తెలిసేదే. టేపు మీద సమాచారాన్ని ముద్దలు ముద్దలుగా రాస్తారు. త్వరగా అవుతుందని అతను మొదట్లోనే ముద్ద సైజు బాగా పెంచి రాయడం మొదలుపెట్టాడు. చదివేవాడు కూడా అంత నోరూ తెరవాలి, అంటే ఆ సైజు అంకెని లైన్లో చెప్పాలి. చెప్పకపోతే కంప్యూటరు మామూలు నోరే తెరుస్తుంది. ముద్ద పట్టదు. పట్టలేదని చెప్పడానికి దానికి వేరే మాట రాక, మెమరీ చాలదంటుంది. ఆ అంకె ఐదువందల పన్నెండు. అది పెద్దల్లుడి కణత వెనకాల తప్ప భూప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

"రాసేటప్పుడు ఏమన్నా ప్రత్యేకంగా పెట్టారాండీ అన్నయ్యగారూ?" అని చిన్నల్లుడు అడగనే అడిగాడు.

సరిగ్గా ఆ క్షణానే మామగారు గుమ్మంలోంచి తొంగిచూసి, "మీరు ఇక్కడుంటే నాకు దిగుల్లేదు బాబుగారూ" అన్నాడు. అన్నది చిన్నల్లుడితో.

"మామూలే" అన్నాడు పెద్దల్లుడు.

ఆ ఒక్క మాటతో తలుపు వేసేశాడు. అసలే చెప్పనని కాదు. చెబుతాడు. ముందు ఈ బంగారం కాస్త నల్లబడాలి. నావల్ల కాదని అందరి ముందూ చేతులెత్తెయ్యాలి. అప్పుడు తను చొక్కా చేతులు మడిచి, ఆ కుర్చీలో కూర్చుని, ఒకే ఒక్క లైను కొడతాడు. అదీ అతని ప్లాను. కడుపులో మంట పెట్టుకున్నవాడికి ఆలోచనలు భలే తీరుగా వస్తాయి.

ఆ తర్వాతి రోజులు పెద్దల్లుడికి పండగే. చిన్నల్లుడు ఆఫీసు నుంచి తిన్నగా కార్ఖానాకొచ్చి, మెమరీ ముక్క కొత్తది కొని తెచ్చి బిగించాడు. మెమరీ చాలదంది కంప్యూటరు. డ్రైవు తల మాసిందేమోనని తుడిచే టేపు పెట్టి శుభ్రం చేశాడు. చాలదంది. కేబులు మార్చాడు, కార్డు మార్చాడు, పాత లైనక్స్ వెతికి మళ్ళీ ఎక్కించాడు. చాలదు, చాలదు, చాలదు. ఆ మాట వినబడినప్పుడల్లా పెద్దల్లుడు నాలుక చప్పరించి "అయ్యో" అనేవాడు. ఇంటికెళ్ళి రెండోసారి కూర వేయించుకునేవాడు. "ఏంటి, ఆకలి బాగా వేస్తోంది?" అని భార్య అనుమానంగా చూసేది.

ఒక సాయంత్రం మాత్రం ప్రాణం మీదకొచ్చింది. లోపల జరిగేవన్నీ కంప్యూటరు ఒకచోట రాసుకుంటూ పోతుంది. చిన్నల్లుడు ఆ చిట్టా తెరిచి పేజీలు పేజీలు చూస్తున్నాడు. కేబులు గొడవలు, కార్డు గొడవలు వందల లైన్లు. వాటి మధ్య ఒక లైను ఉంది. ఇంత సైజు ముద్దని ఇంత నోటితో చదవలేకపోయాను అని రెండు అంకెలతో సహా కంప్యూటరు అసలు కారణం కక్కేసింది. పెద్దల్లుడి చూపు దానిమీద పడింది. చిన్నల్లుడి వేలు తెర మీద కిందికి కిందికి జారుతోంది.

"తమ్ముడూ, కళ్ళు ఎర్రగా అయిపోయాయి నీకు. లే, వేడిగా కాఫీ తాగొద్దాం" అన్నాడు పెద్దల్లుడు. భుజం మీద చెయ్యి కూడా వేశాడు.

"మీకు శ్రమ అన్నయ్యగారూ."

"శ్రమేంటి? లే లే."

కాఫీ తాగి వచ్చేసరికి చిన్నల్లుడు ఆ చిట్టా సంగతి మరిచి, డ్రైవుని ఇంకో కంప్యూటరుకి తగిలించి చూద్దామన్నాడు. పెద్దల్లుడు ఆ కాఫీకి తనే డబ్బులిచ్చాడని, అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాడు.

ఇంతాచేసి, అతను అనుకున్నట్టు బంగారం నల్లబడలేదు. అదీ విడ్డూరం. పని కాకపోయినా మెచ్చుకోళ్ళు ఆగలేదు. "రోజంతా ఆఫీసులో చాకిరీ చేసి, మళ్ళీ ఇక్కడికొచ్చి ఏం కష్టపడుతున్నావురా అబ్బాయ్!" అన్నాడు మామగారు. మీరు పోయి నువ్వయింది, బాబుగారు పోయి అబ్బాయయ్యాడు. మొన్నటిదాకా ఆ "మీరు" విని కుళ్ళుకున్న పెద్దల్లుడు ఇప్పుడు ఈ "నువ్వు" విని ఇంకా కుళ్ళుకున్నాడు. "మీరు"లో దూరమన్నా ఉండేది. ఈ "నువ్వు"లో ఒళ్ళో కూర్చోబెట్టుకున్నంత చనువుంది. తనని అన్నేళ్ళుగా అంటున్నది కూడా అదే "నువ్వు" కదా అన్న సంగతి అతనికి తట్టలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గరే చిన్నల్లుడు చివరి మాట చెప్పాడు. "నాకు అందట్లేదండీ మామయ్యగారూ. మా ఆఫీసులో టేపుల పనే చేసే ఒకాయనున్నాడు. రేపు పొద్దున్నే టేపు పట్టుకెళ్ళి ఆయనకిస్తాను."

"అట్లాగే కానీ" అన్నాడు మామగారు. తర్వాత పెద్దల్లుడి వైపు తిరిగి, మామూలు సంగతి చెబుతున్నట్టు అన్నాడు. "ఏమోయ్, ఇది తేలాక ఆ గది ఇతనికి అప్పగించెయ్. కొత్త పద్ధతిలో ఏదన్నా పెట్టిస్తాడు. తాళంచెవి ఇచ్చెయ్. నువ్వు కింద బల్లల దగ్గర నాకు సాయంగా ఉందువుగాని."

గది పోతుంది. గదితోపాటు సాయంత్రాలు, టేపులాయనన్న పేరు, మేడ ఎక్కుతుంటే కిందివాళ్ళు పక్కకి తప్పుకోవడం, అన్నీ పోతాయి. అంతకంటే ఘోరం ఇంకొకటుంది. ఆ ఆఫీసాయన టేపు పెట్టీ పెట్టగానే ముద్ద సంగతి కనిపెట్టేస్తాడు. "ఇంతేనా! రాసినవాణ్ణి అడిగితే చెప్పేవాడే" అంటాడు. రాసినవాడెవరో ఇంటిల్లిపాదికీ తెలుసు.

చెయ్యి కడుక్కుంటుంటే అత్తగారు వెనకాలొచ్చి నిలబడింది.

"బాబూ, నా పిట్టలున్నాయంటావా?"

"ఉంటాయండీ."

"ఇప్పుడు గీద్దామన్నా రాదుగా. ఈ చేత్తో గీత గీస్తే వానపాములా వస్తోంది" అని ఆవిడ నవ్వింది. "నువ్వు ఉన్నాయంటే ఉన్నట్టే."

ఇంట్లో అంతమందుండగా ఆవిడ వచ్చి అడిగింది తననే. ఆ సంగతి అతని బుర్రకెక్కలేదు. ఎక్కి ఉంటే అప్పుడే వెనక్కి తిరిగి అందరికీ చెప్పేసేవాడేమో. అసూయ పట్టినవాడికి కళ్ళు తప్ప చెవులు పనిచెయ్యవు. ఆ కళ్ళు అప్పుడు, చిన్నల్లుడికి రెండోసారి వడ్డిస్తున్న మామగారి చేతిమీదున్నాయి.

తెల్లారీ తెల్లారకముందే పెద్దల్లుడు కార్ఖానాకి చేరాడు. కింద హాలు ఖాళీగా ఉంది. నిన్నటి రంగుల వాసన ఇంకా పోలేదు. మెట్లెక్కి, తాళం తీసి, కుర్చీలో కూర్చున్నాడు. టేపు డ్రైవులోనే ఉంది. చిన్నల్లుడు వచ్చేలోగా బొమ్మలన్నీ డిస్కు మీదికి దింపేసి, ఏమీ ఎరగనట్టు కాలు మీద కాలేసుకుని కూర్చోవాలి. "ఏదో, తోచింది చేశాను" అనాలి. ఆ మాట ఏ గొంతుతో అనాలో దారిలోనే రెండుసార్లు అని చూసుకున్నాడు.

చొక్కా చేతులు మడిచాడు. వేళ్ళు కీబోర్డు మీద పరిగెత్తాయి. ఎన్నాళ్ళయిందో ఆ లైను కొట్టి! ఐదువందల పన్నెండుతో సహా ఒక్క తప్పు లేకుండా పడింది. ఎంటర్ నొక్కాడు.

నొక్కాక చదివాడు.

టేపు పనికి టార్ అని ఒక కమాండుంది. దాని పక్కన ఏ అక్షరం పెడితే అది ఆ పని చేస్తుంది. టేపు మీదికి ఎక్కించాలంటే సీ. టేపు మీంచి దింపాలంటే ఎక్స్. తెరమీద సీ ఉంది.

అతని వేళ్ళకి సీ ఒక్కటే వచ్చు. ఇన్నేళ్ళూ ఎక్కించడమే గాని, ఒక్కనాడు దింపి చూసుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు కొత్త డిస్కు మీద బొమ్మలుండాల్సిన చోటు ఖాళీ. ఆ ఖాళీని తీసుకెళ్ళి, ఉన్న ఒక్క టేపు మీద మొదటినుంచీ రాసెయ్యమని కంప్యూటరుకి చెప్పాడు. టేపు మీద కొత్తగా ఎక్కడ రాయడం ఆపితే డ్రైవుకి లోకం అక్కడితో ఆఖరు. దాని వెనక ఏమున్నా అది చదవదు. తీగలు, ఆకులు, చేపలు, గొడుగులు, పిట్టలు, ఇంక ఎవరూ గీయలేనివన్నీ.

ఆపే మీట నొక్కుదామంటే వేళ్ళు కదల్లేదు.

తెరమీద ఇంకో లైను పడి ఉంది. దీన్ని చదవడమే తప్ప దీనిమీద రాయడం కుదరదు, అని.

రెండుసార్లు చదివాడు. తర్వాత టేపుని బయటికి తీశాడు. అంచు దగ్గర చిన్న ఎర్రటి మీట ఉంటుంది. దాన్ని ఒక పక్కకి జరిపితే టేపుకి తాళం పడ్డట్టే, చదవనిస్తుంది గాని రాయనివ్వదు. రోజూ రాసేవాడు కాబట్టి పెద్దల్లుడు దాన్ని ఏనాడూ ముట్టుకోలేదు. ఇప్పుడది జరిపి ఉంది. మొదటిరోజు చిన్నల్లుడి గోరు దులిపింది దుమ్ము కాదు.

అలాంటప్పుడు మనిషన్నవాడికి ఏం కలగాలి? కృతజ్ఞత కలగాలి. ఆ మీటని కళ్ళకద్దుకోవాలి. పెద్దల్లుడికి మొదట కలిగింది అది కాదు. తనిన్నేళ్ళుగా చెయ్యని జాగ్రత్త, టేపు మొహం చూడని కుర్రాడు చూసిన నిమిషంలో చేశాడే అని కడుపు భగ్గుమంది. భయం తర్వాత వచ్చింది. సిగ్గు ఇంకా తర్వాత వచ్చింది, వచ్చి మరి కదల్లేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది.

"అరె, అన్నయ్యగారూ! అప్పుడే వచ్చేశారా?" అంటూ చిన్నల్లుడు లోపలికొచ్చాడు. టేపు పట్టుకెళ్ళడానికి సంచీ తెచ్చుకున్నాడు. "మామయ్యగారు కూడా వస్తున్నారు. మోకాళ్ళు కదా, నిదానంగా ఎక్కుతున్నారు."

అంటూనే తెర వైపు చూశాడు.

పెద్దల్లుడు తెరకి అడ్డంగా జరుగుదామనుకున్నాడు. కుర్చీలో అతుక్కుపోయినట్టయ్యాడు. తేలు కుట్టిన దొంగకైనా అరవకుండా ఉండటానికి ఒక చీకటి మూల దొరుకుతుంది, అతనికి ఆ గదిలో మూల కూడా లేకపోయింది. ఉన్నది ఒకే ఒక్క లైను. అందులో రెండు సంగతులున్నాయి. ఐదువందల పన్నెండుంది: అంటే ఇతనికి మొదటిరోజు నుంచీ అంతా తెలుసు, తెలిసే "మామూలే" అన్నాడు. సీ ఉంది: అంటే ఇప్పుడే అన్నీ తుడిచెయ్యబోయాడు. చిన్నల్లుడు తెలివైనవాడు. అతని చూపు ఆ లైను మీద ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్ళి, కింది లైను దగ్గర ఆగి, పెద్దల్లుడి ఒళ్ళో ఉన్న టేపు మీదికి దిగింది.

మామగారి చేతికర్ర చప్పుడు మలుపు దాటింది.

చిన్నల్లుడు వంగి, పెద్దల్లుడి భుజం మీంచి చెయ్యి చాపి, ఐదు అక్షరాలు కొట్టాడు. తెరమీదున్నదంతా చెరిగిపోయింది. ఖాళీ తెర, పైన మూల ఒక్క గీత మిణుకుమిణుకుమంటూ మిగిలింది.

"ఏమయిందిరా?" అన్నాడు మామగారు గుమ్మంలో ఊపిరి పీల్చుకుంటూ.

"అన్నయ్యగారు దారి కనిపెట్టారండీ మామయ్యగారూ. ముద్ద సైజు చెప్పకపోవడం వల్లనే వచ్చిందంట ఈ గొడవంతా" అన్నాడు చిన్నల్లుడు. పెద్దల్లుడి ఒళ్ళోంచి టేపు తీసుకుని, మీట కదల్చకుండానే డ్రైవులో పెట్టాడు. "అంకె ఎంతండీ అన్నయ్యగారూ?"

ఇప్పుడే చూసిన అంకె. మళ్ళీ అడుగుతున్నాడు. ఎవరు వినాలని అడుగుతున్నాడో పెద్దల్లుడికి తెలుసు.

"ఐదువందల... పన్నెండు."

"చూశావా! మరి ఇన్నాళ్ళూ చెప్పవేమోయ్?" అన్నాడు మామగారు.

"నేనడిగితే కదండీ చెప్పడానికి" అన్నాడు చిన్నల్లుడు. "నాకే అంతా వచ్చని ఎగిరాను."

పెద్దల్లుడు కీబోర్డు మీద చేతులు పెట్టాడు. టార్ అని కొట్టాడు. పక్క అక్షరం దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. అత్తగారి చెయ్యి గ్లాసు పట్టుకున్నప్పుడు ఎట్లా ఉంటుందో అట్లా ఉంది అతని చెయ్యి. ఎక్స్ ఎక్కడుందో తెలుసు. నొక్కడానికి ధైర్యం చాల్లేదు. అతను కుర్చీలోంచి లేచాడు.

"నువ్వు కొట్టు తమ్ముడూ."

చిన్నల్లుడు వద్దనలేదు. కూర్చోకుండా, నిలబడే, మిగతా లైను పూర్తిచేశాడు. డ్రైవు గుర్రుమంది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత తెరమీద ఒక పేరు పడింది. దానికింద ఇంకొకటి. చూస్తుండగా తీగలు, ఆకులు, చేపలు, పేర్లు పేర్లుగా పరుగెత్తుకుంటూ పైకి పోవడం మొదలుపెట్టాయి.

కబురు ఇంటికి వెళ్ళింది. అత్తగారు వచ్చి, వణికే వేలితో పిట్టల బొమ్మ తెరిపించుకుని, తెరమీద ఆ మెడని అట్లా నిమిరింది. "నువ్వు ఉన్నాయన్నావు, ఉన్నాయి" అంది పెద్దల్లుడితో. అతను తల దించుకున్నాడు. వినయం అనుకున్నారు అందరూ. మామగారు కింద పనివాళ్ళందరికీ వినబడేలా "పెద్దల్లుడంటే పెద్దల్లుడేనోయ్! తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో, ఆ గది నీదే" అన్నాడు. ఇన్నాళ్ళూ ఏ మాట కోసం కాచుకుని కూర్చున్నాడో ఆ మాట. జేబులో తాళంచెవి తొడకి గుచ్చుకుంటుంటే, అతను దాన్ని రెండో జేబులోకి మార్చుకున్నాడు.

చిన్నల్లుడు ఆఫీసుకి వేళయిందని బయల్దేరాడు. పెద్దల్లుడు గేటుదాకా వెంట వెళ్ళాడు. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని అడిగాడు.

"ఎందుకు చెరిపేశావు?"

"ఏదండీ అన్నయ్యగారూ?"

"అదే. తెర."

ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. "మీకు తెలిసీ నన్నిన్ని తిప్పలు పెట్టారేంటండీ" అని ఒక్క మాటన్నా చాలు, సరికి సరి అయిపోయేది. తను కూడా ఏదో ఒకటి అనేవాడు. కనీసం ఒక చిన్న నవ్వు, తెలుసులే అన్న నవ్వు నవ్వినా పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. పెద్దల్లుడు ఆ మొహంలోకి వెతికి వెతికి చూశాడు.

"ఓ, అదా! తెరనిండా నేను చేసిన కంగాళీయే కదండీ. మామయ్యగారు చూస్తే కంగారుపడతారని తీసేశాను" అని బండి ఎక్కి, హెల్మెట్ పట్టీ బిగించుకున్నాడు చిన్నల్లుడు. "ఆ మెమరీ ముక్క షాపువాడికి వెనక్కిచ్చెయ్యాలి, ఆలస్యమైతే తీసుకోడేమో. వస్తానండీ. వదినగారిని అడిగానని చెప్పండి."

బండి వీధి మలుపు తిరిగిపోయింది. పెద్దల్లుడు గేటు ఊచ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. అంతవరకు ఆ కుర్రాడి తెలివి చూసి పడ్డ ఏడుపంతా ఒక ఎత్తు, ఇప్పుడు మొదలైంది ఒక ఎత్తు. తెలివంటే తనకీ కాస్తో కూస్తో ఉంది. ఇది లేదు. ఉన్నట్టు నటించడం కూడా రాదు.